రాతినార జల్లెడలు

హైదరాబాద్‌లోని పుప్పాలగూడ పాత ఊరి సందుల్లో నిలబడి తల పైకెత్తితే రెండు కాలాల కప్పులు కలిసి కనబడతాయి. అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట వైపు అద్దాలు తొడిగిన మేడలు. ఇవతల ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న ఇళ్ల మీద బూడిదరంగు సిమెంటు రేకులు. వానలకు నల్లబడి, అంచులు విరిగి, గాలికి లేవకుండా పైన రాళ్లు మోస్తున్న రేకులు. మేడల్లో పనిచేసేవాళ్లకు ‘నానో’ అన్నది రేపటి మాట. కానీ ఆ వీధిలో నానోగొట్టాలు కోటానుకోట్లుగా ఉన్నది ఆ పాత రేకుల్లోనే.

రేకులో సిమెంటును పట్టి ఉంచే నార పేరు క్రిసొటైల్. వ్యాపారంలో దాన్ని తెల్ల ఆస్బెస్టాస్ అంటారు. మన భూగోళ పాఠాల్లో అది రాతినార. దాని ఒక్కో పోగు లోపల బోలుగా ఉండే గొట్టం. బయటి వ్యాసం సుమారు 25 నానోమీటర్లు, లోపలి బోలు 7 నానోమీటర్లకు అటూఇటూ. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మిల్లీమీటరు మందం ఉన్న నారలో ఇలాంటి గొట్టాలు వంద కోట్లకు పైగా ఇముడుతాయి. మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి కర్బనం లేని గొట్టం కనుక ఇది అకర్బన నానోగొట్టం.

ఇలాంటి గొట్టాలను శుద్ధిచేసి, పరిమాణాన్ని బట్టి వేరుచేయడం నేటి పదార్థ శాస్త్రానికి తెగని పని. ఆ పనికి ఈ పేరు పుట్టకముందే సుత్తితో, జల్లెడతో, గాలితో మనుషులు దాన్ని చేశారు. తెలుగు నేల కూడా అందులో పాలుపంచుకుంది. ఆ చరిత్రను వరసగా చదివితే ఒక సంగతి తేలుతుంది. ఏ కొలతను బట్టి నారకు ధర కట్టారో, ఊపిరితిత్తికి దాని ముప్పు కూడా ఆ కొలతలోనే దాగి ఉంది. ధర లెక్క ముందు కుదిరింది. ముప్పు లెక్క కుదిరేసరికి రేకులు ఊళ్లన్నీ కప్పేశాయి.

దత్తమండలాల రాయి

పుప్పాలగూడ చుట్టూ ఉన్నది గ్రానైటు. అందులో రాతినార పుట్టదు. అది పుట్టిన చోటు కడప జిల్లా పులివెందుల పరిసరాలు, ముఖ్యంగా బ్రాహ్మణపల్లి. అక్కడి అడుగు రాయి వేంపల్లె పేరు మీద పిలిచే డోలమైటు. పాతకాలపు సముద్రం అడుగున పేరుకున్న ఈ సున్నపురాయిలో మెగ్నీషియం దండిగా ఉంటుంది. దాదాపు 188 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి కరుగు రాయి ఈ పొరల మధ్య పలకలుగా దూరి గడ్డకట్టింది. ఆ వేడికి, సిలికాను మోసుకొచ్చిన వేడినీటికి డోలమైటులోని మెగ్నీషియం తోడై సర్పెంటైన్ అనే ఆకుపచ్చని రాయి ఏర్పడింది. సర్పెంటైన్ పగుళ్లలో నార పెరిగింది. తుమ్మలపల్లెలో నేడు యురేనియం తవ్వుతున్నది కూడా ఈ వేంపల్లె పొరల్లోనే.

ఇక్కడి నార పగులుకు అడ్డంగా, ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా పెరిగింది. కాబట్టి పగులు ఎంత వెడల్పో నార అంత పొడవు. అంగుళం పగులులో అంగుళం నార, గోరంత పగులులో గోరంత నార. తవ్వేవాడి చేతికి రాకముందే కొండ తన నారను పొడవును బట్టి పట్టెలు పట్టెలుగా విడదీసి పెట్టింది. డోలమైటులో పుట్టిన క్రిసొటైల్‌కు మరో గుణం కూడా ఉంది. దానిలో ఇనుము బాగా తక్కువ. ఇనుప ఖనిజపు రేణువులు కలిసిన నార విద్యుత్ పరికరాల చుట్టూ చుట్టడానికి పనికిరాదు, ఇలాంటిది పనికొస్తుంది. శుద్ధిలో సగం పని కూడా కొండే చేసిపెట్టిందన్న మాట.

ఈ పొరల గురించి విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వేక్షణ తరఫున కడప, కర్నూలు శిలలపై పెద్ద నివేదిక వెలువరించాడు. రాతినారకే ప్రత్యేకించిన నివేదిక 1934లో వచ్చింది. రాసినవాడు అదే సంస్థకు చెందిన ఎ. ఎల్. కౌల్సన్. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలను దత్తమండలాలు అనేవారు. ఆ పేరు అవమానకరమని 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ముందుకు తెచ్చారు. ఆరేళ్ల తరవాత కూడా కౌల్సన్ నివేదిక శీర్షికలో పాత పేరే నిలిచింది. సర్కారు కాగితంలో ఆ నేల ఇంకా ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన సరుకే.

గొట్టమని తేలిన వైనం

బ్రాహ్మణపల్లి నార చేతిలోకి తీసుకుని నలిపితే పట్టుపోగులా విడిపోతుంది. విడిపోయినదాన్ని మళ్లీ నలిపితే ఇంకా సన్నగా విడిపోతుంది. ఈ విడిపోవడం ఎక్కడ ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు గనిలో దొరకలేదు.

1930లో లైనస్ పౌలింగ్ పలకల ఖనిజాల నిర్మాణం మీద రాస్తూ ఒక తర్కం చేశాడు. రెండు వైపులా ఒకేలా లేని పొర, ఒకవైపు కొలత చిన్నదిగా రెండోవైపు పెద్దదిగా ఉంటే, చదునుగా ఉండలేక వంగుతుంది. తునికాకు ఎండేటప్పుడు ఒకవైపు ఎక్కువ ముడుచుకుని చుట్టుకుపోతుంది చూడండి, అలాంటిదే ఇది. క్రిసొటైల్ పొరలో సిలికా వైపు కొంచెం చిన్నది, మెగ్నీషియం వైపు కొంచెం పెద్దది. పెద్దది బయటికి, చిన్నది లోపలికి వచ్చేలా పొర చుట్టుకుంటుంది. 1950లో బేట్స్, శాండ్, మింక్ అనే అమెరికన్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలతో క్రిసొటైల్ స్ఫటికాలు గొట్టాలేనని చూపారు. 1967లో జపాన్ శాస్త్రవేత్త కెయిజీ యాదా పొరలను విడివిడిగా చూడగలిగాడు. కొన్ని గొట్టాల్లో పొరలు వలయాల్లా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. కొన్నింటిలో చాప చుట్టినట్టు మెలిక తిరిగి ఉన్నాయి.

ఈ వంపు లెక్కలో మరో ఫలితం ఇమిడి ఉంది. పొర వంపుకు హాయిగా సరిపడే వ్యాసం ఒకటే. లోపలి పొరలు అంతకన్నా బిగువుగా, బయటి పొరలు అంతకన్నా వదులుగా వంగాలి. చుట్లు పెరిగేకొద్దీ బిగువు పెరిగి, గొట్టం లావెక్కడం ఒకచోట ఆగిపోతుంది. అందుకే ఏ గని నార చూసినా గొట్టాల వ్యాసాల్లో తేడా స్వల్పం. పొడవుకు అలాంటి కట్టుబాటు లేదు. లావును రసాయనం నిర్ణయించింది, పొడవును పగులు నిర్ణయించింది. ఇక మనిషి వేరుచేయడానికి మిగిలింది పొడవే.

పింజ లెక్క

పత్తి పండించే నేలలో పింజ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పొడుగు పింజకు ఒక ధర, పొట్టి పింజకు ఒక ధర. రాతినార మార్కెట్టూ అదే దారిన నడిచింది. కెనడాలోని క్యూబెక్ గనులు ప్రపంచానికి నార అమ్మే రోజుల్లో 1930ల నాటికి ఒక కొలబద్ద స్థిరపడింది. ముప్పావు అంగుళం, ఆపైన పొడవున్నది ఒకటో తరగతి. అందులో సగం నుంచి ముప్పావు దాకా రెండోది. ఈ రెండూ చేత్తో ఏరినవి. మూడో తరగతి వడికి బట్ట నేయడానికి, నాలుగోది సిమెంటు రేకులకు, అయిదోది కాగితానికి. కిందికి పోయేకొద్దీ పొట్టి నారలు, చివరికి ఇసుక.

పరీక్ష పెట్టె కూడా మన వంటింటికి కొత్త కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన జల్లెడలు. పైదానికి అర అంగుళం కన్నాలు, దాని కింద అంగుళానికి నాలుగు కన్నాలది, ఆ కింద పది కన్నాలది, అడుగున పళ్లెం. 16 ఔన్సుల నార పైన వేసి యంత్రంతో ఆడిస్తారు. ఏ జల్లెడ మీద ఎన్ని ఔన్సులు నిలిచిందో నాలుగు అంకెలుగా రాస్తారు. నాలుగూ కలిపితే 16. ఆ నాలుగంకెలే సరుకు జాతకం.

జల్లెడకు ముందు నారను రాయి నుంచి తప్పించాలి. రాయిని పిండిచేసి, ఎండబెట్టి, ఊగే జల్లెడల మీద పోస్తే బరువైన రాతినూక కిందికి దిగుతుంది, విప్పారిన నార పైకి తేలుతుంది. పైనున్న గొట్టం గాలిని పీల్చి నారను ఎత్తుకుపోతుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర పడి పొట్టు దూరంగా ఎగిరే సూత్రమే ఇది. పొట్టుకు బదులు ఇక్కడ ఎగిరేదే అసలు సరుకు. గనిలోనూ మిల్లులోనూ దుమ్ము అన్నది పనిలో జరిగే పొరపాటు కాదు. తేలిక నారను గాలిలోకి లేపడమే ఆ పని.

అందులో ఒక తిరకాసు ఉంది. నార ఎంత విప్పితే అంత విలువ, ఎందుకంటే విప్పిన నార సిమెంటును బాగా పడుతుంది. కానీ ఎక్కువ కొట్టి విప్పితే పొడవు తెగి తరగతి పడిపోతుంది. మిల్లు నేర్పంతా పొడవు తెగకుండా లావు తగ్గించడంలోనే ఉంది. ఆ నేర్పు పెరిగేకొద్దీ పొడవైన, సన్నని పోగులే ఎక్కువగా తయారయ్యాయి.

సనత్‌నగర్ రేకు

ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ 1900 ప్రాంతంలో నారనూ సిమెంటునూ నీళ్లలో కలిపి, కాగితం తీసే యంత్రం లాంటి దానిమీద పలచటి పొరలుగా ఎత్తే పద్ధతి కనిపెట్టాడు. నీళ్లలో తిరిగే జల్లెడ పీపా మీద నార వలలా అల్లుకుని సిమెంటు రేణువులను పట్టేస్తుంది, నీరు జారిపోతుంది. రేకులో నార పదో వంతుకు అటూఇటూ ఉంటే చాలు. మిగతాదంతా సిమెంటు. నానోగొట్టాలతో బలపరిచిన మిశ్రమ పదార్థం అని నేడు గొప్పగా చెప్పుకునేది నూరేళ్ల కిందటే ఇంటి కప్పుగా వచ్చేసింది.

ఆ కప్పు హైదరాబాద్‌కు 1946లో సంస్థగా వచ్చింది. ఆ ఏడు ఏర్పడిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రాడక్ట్స్ సనత్‌నగర్‌లో వేళ్లూనుకుంది. దాని చార్మినార్ గుర్తు రేకులు దేశమంతా వెళ్లాయి. 1981లో ఈ జంట నగరాల నుంచే విశాక ఇండస్ట్రీస్ కూడా ఈ రంగంలోకి దిగింది. తాటాకు కప్పు ఏటా మార్చాలి, బెంగుళూరు పెంకు కోతులు తొక్కితే పగులుతుంది, ఇనుప రేకు ఎండకు కాలుతుంది, తుప్పు పడుతుంది. సిమెంటు రేకు చౌక, నిప్పంటదు, చెదపట్టదు. కోళ్ల ఫారాలు, పొగాకు గోదాములు, బడులు, కూలీల ఇళ్లు దాని కిందికి చేరాయి. ‘రేకుల ఇల్లు’ అన్న మాట తెలుగులో ఒక ఆర్థిక స్థాయికి పేరైంది. గుడిసె దాటి, డాబా ఇంకా అందని స్థాయి అది.

ఈ రేకుకు కావలసినది నాలుగో తరగతి చుట్టుపక్కల నార, అదీ టన్నులకొద్దీ. పులివెందుల కొండలు ఇవ్వగలిగింది దానిముందు కొద్ది. కెనడా, రష్యా, జింబాబ్వే లాంటి దేశాల నారే ఓడల్లో వచ్చింది. ఊరి కప్పు మీద ఉన్న గొట్టం ఏ ఖండపు పగులులో పెరిగిందో చెప్పడం కష్టం.

ఊపిరితిత్తి పెట్టిన పరీక్ష

పౌలింగ్ వంపు గురించి రాసిన 1930లోనే బ్రిటన్‌లో మెరివెదర్, ప్రైస్ అనే అధికారులు ఆస్బెస్టాస్ కార్మికుల ఊపిరితిత్తులు గట్టిపడుతున్న తీరు మీద నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడు అక్కడ దుమ్ము నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తి క్యాన్సర్ సంబంధాన్ని గణాంకాలతో చూపాడు. 1960లో వాగ్నర్, సహచరులు దక్షిణాఫ్రికా గని ప్రాంతాల నుంచి మీసోథీలియోమా కేసులను ప్రచురించారు. ఊపిరితిత్తి పొరకు వచ్చే ఆ క్యాన్సర్ అక్కడ నీలి ఆస్బెస్టాస్‌తో ముడిపడి ఉంది. జబ్బు ఉందని తెలిసింది. ఒకే రసాయనం పొడిగా ఉంటే ఒకలా, నారగా ఉంటే మరోలా ఎందుకు హానిచేస్తుందో చాలాకాలం అంతుపట్టలేదు.

1981లో మెర్ల్ స్టాంటన్ బృందం ఎలుకల మీద ఎన్నో రకాల నారలను పరీక్షించి కొలతల్లో జవాబు వెతికింది. 8 మైక్రోమీటర్ల (ఒక్కోటి వెయ్యి నానోమీటర్లు) కన్నా పొడవు, 0.25 మైక్రోమీటరుకు మించని లావు ఉన్న నారలే కణితులతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడ్డాయి. దీని వెనుక రెండు జల్లెడలున్నాయి. గాలిలో నార ఎంత వేగంగా కిందికి దిగుతుందన్నది ప్రధానంగా దాని లావును బట్టి ఉంటుంది, పొడవు ప్రభావం స్వల్పం. కనుక సన్నగా ఉన్న నార ఎంత పొడవైనా శ్వాసతోపాటు ఊపిరితిత్తి అడుగు దాకా పోతుంది. అక్కడ చెత్తను మింగే కణాలు కాపలా ఉంటాయి. పొట్టి నారను అవి మింగేస్తాయి. తమకన్నా పొడవైనదాన్ని మింగబోయి మధ్యలో ఆగిపోతాయి, ఏళ్ల తరబడి మంట రగులుతూనే ఉంటుంది. గాలి లావును చూసి లోపలికి పంపుతుంది, కణం పొడవును చూసి బయటికి పంపలేకపోతుంది. మిల్లు కోరుకున్నదీ పొడవూ సన్నదనమే.

క్రిసొటైల్ మిగతా ఆస్బెస్టాస్ రకాల కన్నా ఒంట్లో త్వరగా కరుగుతుందన్నది నిజమే; ఆమ్లంలో దాని మెగ్నీషియం పొర ఊడిపోతుంది. ఈ వాదన పరిశ్రమ పక్షాన తరచు వినబడుతుంది. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్రిసొటైల్‌తో సహా ఆస్బెస్టాస్ రకాలన్నిటినీ మనిషికి క్యాన్సర్ కారకాలుగానే వర్గీకరించింది.

చట్టానికి ఇంకో చిక్కు ఉంది. 5 మైక్రోమీటర్ల కన్నా పొడవు, 3 కన్నా తక్కువ లావు, లావుకు కనీసం మూడింతల పొడవు ఉంటేనే దాన్ని నారగా లెక్కపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఆ లెక్క మామూలు కాంతి సూక్ష్మదర్శినితో కట్టేది. అందులో 25 నానోమీటర్ల ఒంటి గొట్టం కనిపించనే కనిపించదు. కనిపించేవి గొట్టాల మోపులు మాత్రమే.

భారత ప్రభుత్వం 1986లో కొత్త ఆస్బెస్టాస్ గనులకు లీజులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 1993లో పాత లీజుల పునరుద్ధరణను కూడా ఆపింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్ల పాటు భద్రపరచాలని, జబ్బుపడ్డవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. నలభై ఏళ్లు ఎందుకంటే పీల్చిన నాడు ఏమీ కనిపించదు, జబ్బు బయటపడేసరికి మనిషి ఉద్యోగం మానేసి ఉంటాడు. తవ్వకం ఇలా ముడుచుకుపోయినా దిగుమతి నారతో రేకుల తయారీ మాత్రం సాగింది.

కొత్త గొట్టాలు, పాత ప్రశ్న

1991లో సుమియో ఇజిమా కర్బన నానోగొట్టాలను లోకానికి చూపాడు. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రెషెఫ్ టెన్నె బృందం టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌తోనూ గొట్టాలు వస్తాయని ప్రకటించింది. అకర్బన నానోగొట్టాల శాస్త్రం అక్కడి నుంచి మొదలైందని అంటారు. బెంగళూరులో సి. ఎన్. ఆర్. రావు బృందం ఇలాంటి సల్ఫైడ్, సెలినైడ్ గొట్టాలను తయారుచేసింది. ఈ పదార్థం పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కనుక కందెనగా పనికొస్తుంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని అంతర్జాతీయ పొడి లోహశాస్త్ర పరిశోధన కేంద్రంలోనూ టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ నానో పలకలను కందెన కోసం పరిశోధించారు. పుప్పాలగూడకు దగ్గరలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ నానోసాంకేతికతకు ఒక కేంద్రం ఉంది.

కొలిమిలోంచి వచ్చే సరుకు మాత్రం గనిలోంచి వచ్చినట్టే ఉంటుంది. గొట్టాలు, గుండ్రని రేణువులు, పలకలు, మారకుండా మిగిలిన ఆక్సైడు, అన్నీ కలగలుపు. ముందు ద్రవంలో వేసి అతిధ్వని తరంగాలతో ముద్దలను విడగొడతారు. ఎక్కువసేపు విడగొడితే గొట్టాలు విరిగి పొట్టివైపోతాయి. మిల్లువాడి తిరకాసే ఇది. తరవాత అపకేంద్ర యంత్రంలో తిప్పుతారు. పొడవాటి కడ్డీ ద్రవంలో దిగే వేగం లావు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు మాత్రం దాన్ని కొద్దిగానే కదుపుతుంది. అందుకే ఈ యంత్రం లావును బాగా వేరుచేస్తుంది, పొడవు దగ్గర తడబడుతుంది. సన్నని కన్నాల వడపోతలు, ప్రవాహంలో వేరుచేసే పద్ధతులు పొడవు కోసం కావాలి. ఊపిరితిత్తిలో గాలి చేసిన తేడానే ఇక్కడ ద్రవం చేస్తోంది.

2008లో ఎడిన్‌బరో పరిశోధకులు పొడవైన కర్బన నానోగొట్టాలు ఎలుకల పొట్ట పొరలో ఆస్బెస్టాస్ మాదిరి మంటను రేపుతాయనీ, పొట్టివి, చిక్కుపడ్డవి అలా చేయవనీ చూపారు. దానితో పరిమాణాన్ని బట్టి వేరుచేయడం అన్న పనికి కొత్త అర్థం వచ్చింది. మునుపు అది సరుకు తరగతి కట్టడం. ఇప్పుడు అదే సరుకు భద్రతను తేల్చే పరీక్ష కూడా. ఈ రెండు లెక్కలూ ఒకేరోజు, ఒకే బల్ల మీద వేయగల అవకాశం కొత్త గొట్టాలకు ఉంది. రాతినారకు ఆ రెండింటి మధ్య యాభై ఏళ్లు పట్టింది.

పుప్పాలగూడలో ఇప్పుడు పాత ఇళ్లు అపార్టుమెంట్లకు చోటిస్తున్నాయి. కప్పు మీద కదలకుండా ఉన్నంతకాలం రేకులోని నారను సిమెంటు పట్టి ఉంచుతుంది. పలుగు వేసి పగలగొట్టిన రోజు అది మళ్లీ విప్పారుతుంది. రేకును తడిపి, మరలు ఊడదీసి, ముక్కలు చేయకుండా దింపితే దుమ్ము లేవదు. జీడిమెట్ల, ఫతుల్లగూడలలో కూల్చివేత శిథిలాలను మళ్లీ వాడుకునేందుకు పిండిచేసే కేంద్రాలున్నాయి. రేకు ముక్క మట్టీ ఇటుకా కాంక్రీటుతో కలిసి అక్కడి దాకా పోకుండా ఇంటి ముందే ఏరి పక్కన పెట్టాలి. ఆ పనికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అక్కర్లేదు. తట్ట మోసే కూలీకి ఏది రేకో ఏది ఇటుకో చెప్పి, ముక్కుకు గుడ్డ కాక సరైన మాస్కు ఇచ్చే మేస్త్రీ ఉంటే చాలు.